కీహోల్ ఆపరేషన్ గదిలో వైరస్‌లు: పొట్టలోని గాలి ఎక్కడికి పోతుంది?

పిత్తాశయంలో రాళ్ళున్నాయనో, అపెండిక్స్ వాచిందనో, గర్భాశయంలో గడ్డలున్నాయనో చెప్పగానే నేడు మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న "కీహోల్‌లో చేస్తారా, డాక్టరు గారూ?" అన్నదే. అడగవలసిన ప్రశ్నే. కోత చిన్నది, నొప్పి తక్కువ, రెండు మూడు రోజులలో ఇంటికి వెళ్ళవచ్చు. గాయం చీము పట్టడమూ తక్కువే. అందువలన రంధ్రం చిన్నది గనుక అంటువ్యాధి భయం కూడా చిన్నదే అనే నమ్మకం ప్రజలలో స్థిరపడింది. గాయం విషయంలో అది చాలావరకు నిజం. వైరస్‌ల విషయంలో మాత్రం లెక్క వేరు. ఆ లెక్క మీకు తెలిసి ఉండడం మీకూ మంచిది, మీకు శస్త్రచికిత్స చేసే బృందానికీ మంచిది.

లాపరోస్కోపీలో పొట్టను కోసి తెరవరు. బొడ్డు దగ్గర ఒక చిన్న గాటు పెట్టి, దాని గుండా కార్బన్ డయాక్సైడ్ వాయువును లోపలికి పంపి, పొట్టను బెలూన్ వలె ఉబ్బిస్తారు. (మా చిన్ననాటి సైన్సు పుస్తకాలలో దీనిని బొగ్గుపులుసు వాయువు అనేవారు, ఆ పేరే నాకు ఇప్పటికీ ముందుగా నోటికి వస్తుంది.) ఈ వాయువుకు నిప్పు అంటుకోదు, రక్తంలో తేలికగా కరిగి ఊపిరితిత్తుల ద్వారా బయటికి వెళ్ళిపోతుంది. అందుకే దీనిని ఎన్నుకొన్నారు. లోపలి పీడనాన్ని సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస మట్టం వద్ద ఉంచుతారు. ట్రోకార్లు అనే గొట్టాలను గుచ్చి, ఒకదాని గుండా కెమెరానూ, మిగిలినవాటి గుండా పొడవాటి పరికరాలనూ పంపుతారు.

ఈ పద్ధతికి నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. 1901లో జర్మనీలో కెల్లింగ్ అనే వైద్యుడు కుక్క పొట్టలోకి గాలి నింపి లోపల చూశాడు. 1910లో స్వీడన్‌లో యాకోబేయస్ మనుషులలో చూశాడు. 1985లో జర్మనీలోనే మ్యూహె ఈ మార్గంలో పిత్తాశయాన్ని తొలగించాడు. మన దేశంలో 1990లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా ఆ శస్త్రచికిత్సకు శ్రీకారం చుట్టారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. అంత పీడనంతో పొట్టలో నింపిన వాయువు చివరికి ఎక్కడికి పోతుంది?

శస్త్రచికిత్స జరుగుతున్నంతసేపూ లోపల కణజాలాన్ని విద్యుత్తుతో కాల్చి రక్తస్రావాన్ని ఆపుతుంటారు. అప్పుడు పొగ పుడుతుంది. ఆ పొగలో దాదాపు 95 శాతం నీటి ఆవిరే. మిగిలిన కొద్ది భాగంలోనే కాలిన కణాల తునకలు, బెంజీన్, ఫార్మాల్డిహైడ్, కార్బన్ మోనాక్సైడ్ వంటి రసాయనాలు ఉంటాయి. రోగి రక్తంలోనో కణాలలోనో వైరస్ ఉంటే దాని అంశలూ అందులోనే ఉంటాయి. పొట్ట తెరిచి చేసే శస్త్రచికిత్సలో ఈ పొగ పుట్టినది పుట్టినట్లే గదిలో చెదిరిపోతుంది. కీహోల్ పద్ధతిలో అది మూసిన పొట్టలో పోగుపడుతుంది. కెమెరాకు చూపు మసకబారగానే ఎవరో ఒకరు ట్రోకార్ మీది చిన్న మరను తిప్పుతారు. బుస్సుమని పొగ బయటికి వస్తుంది. పీడనంతో, ఒక ధారగా, పక్కన నిలబడినవారి ముఖాల ఎత్తులో వస్తుంది. చివరలో తొలగించిన పిత్తాశయాన్ని సంచితో బయటికి లాగేటప్పుడూ, ట్రోకార్లను తీసేటప్పుడూ మిగిలిన వాయువంతా ఒక్కసారిగా వెలువడుతుంది.

మత్తులో ఉన్న రోగి ఈ పొగను పీల్చడు. దానిని పీల్చేది శస్త్రవైద్యులు, మత్తు డాక్టరు, స్టాఫ్ నర్సు, కెమెరా పట్టుకొన్న జూనియర్ డాక్టరు, థియేటర్ బాయ్. వారానికి ఒకసారి కాదు, రోజుకు నాలుగైదుసార్లు, ఏళ్ళ తరబడి.

ఇది ఊహాజనితమైన భయమా అని మీరు అడగవచ్చు. పూర్తిగా కాదు. నార్వేలో 44 ఏళ్ళ శస్త్రవైద్యుడొకరికి స్వరపేటికలో పులిపిరులు పుట్టాయి. పరీక్షిస్తే వాటిలో హ్యూమన్ పాపిలోమా వైరస్ 6, 11 రకాలు కనిపించాయి. ఆయన రోగుల జననేంద్రియాల మీది పులిపిరులను లేజర్‌తో కాల్చే వైద్యుడు. వాటిని పుట్టించేవీ ఆ రకాలే. ఈ ఉదంతం 1991లో వైద్య పత్రికలో వెలువడింది. అది లేజర్ పొగ, కీహోల్ కాదు. కీహోల్ సంగతి 2016లో దక్షిణ కొరియా వైద్యులు చూశారు. హెపటైటిస్ బి ఉన్న 11 మంది రోగుల శస్త్రచికిత్సలలో వెలువడిన పొగను పట్టి పరీక్షిస్తే, 10 మంది విషయంలో ఆ పొగలో హెపటైటిస్ బి వైరస్ డి.ఎన్.ఏ. దొరికింది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. డి.ఎన్.ఏ. దొరకడం వేరు, వ్యాధిని కలిగించగల సజీవమైన వైరస్ దొరకడం వేరు. పాము కుబుసం కనబడితే పాము అక్కడే ఉన్నదని కాదు గదా! కాని అది పాములు తిరిగే చోటని మాత్రం తెలుస్తుంది. అక్కడ చెప్పులు లేకుండా నడవడం అవివేకం. ఈ పొగ విషయంలో నా అభిప్రాయం అంతే. అంతకు మించి భయపెట్టను, అంతకు తగ్గి ధైర్యమూ చెప్పను. అల్ట్రాసోనిక్ కత్తులు వాడినప్పుడు వేడి తక్కువగా పుడుతుంది కనుక, ఆ తుంపరలో సజీవ కణాలు మిగిలే అవకాశం ఎక్కువని కూడా గుర్తుంచుకోవాలి.

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు ఈ పొగ ఒక్కసారిగా ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. బ్రిటన్‌లోని శస్త్రవైద్య కళాశాలలు లాపరోస్కోపీని సాధారణంగా వాడవద్దన్నాయి. అమెరికా, ఐరోపాల లాపరోస్కోపిక్ శస్త్రవైద్యుల సంఘాలు మాత్రం, రక్తంలోని కొన్ని వైరస్‌లు పొగలోకి రావచ్చునని తెలిసినా కోవిడ్ విషయంలో అటువంటి ఆధారమేదీ లేదనీ, పొగను వడకట్టే ఏర్పాటుతో చేసుకోవచ్చుననీ చెప్పాయి. నేను అప్పటికే ఉద్యోగ విరమణ చేసి ఇంట్లో ఉన్నాను. జిల్లాలలో పనిచేస్తున్న నా జూనియర్లు ఫోన్ చేసి "ఏం చేయమంటారు సార్? తెరిచి చేయమంటారా?" అని అడిగేవారు. తెరిచి చేస్తే పొగ రాకుండా పోతుందా? పైగా పెద్ద కోత వలన రోగి లోతుగా ఊపిరి తీయలేడు, దగ్గలేడు, ఆసుపత్రిలో ఎక్కువ రోజులుంటాడు. ఊపిరితిత్తుల వ్యాధి ప్రబలిన కాలంలో ఆ మూడూ చెడ్డవే. పొగ వస్తుందని పొయ్యి మానేయరు, పొగగొట్టం పెట్టుకొంటారు. బ్రిటన్ వారు కూడా తరువాత తమ నిషేధాన్ని సడలించారు.

ఆ పొగగొట్టం ఎలా ఉండాలో చెబుతాను, ఎందుకంటే ఇది ఖరీదైన ఆసుపత్రులకే సాధ్యమని చాలామంది అనుకొంటారు. మొదటి సూత్రం: ట్రోకార్ మరను గదిలోకి విప్పకూడదు. దానికి గొట్టం తగిలించి, వడపోత గుండా పోనిచ్చి, ఆపై సక్షన్‌కు కలపాలి. రెండవది: పిత్తాశయాన్ని బయటికి లాగక ముందే, ట్రోకార్లు తీయక ముందే, లోపలి వాయువునంతటినీ అదే మార్గంలో ఖాళీ చేయాలి. మూడవది: పొట్టలో పీడనాన్ని పని జరగడానికి చాలినంత తక్కువగా ఉంచాలి, విద్యుత్తును కూడా అవసరమైనంతే వాడాలి. గాటు ట్రోకార్‌కు సరిపడా ఉండాలి గాని వదులుగా ఉండరాదు. వదులైతే పక్కల నుంచి వాయువు కారుతూనే ఉంటుంది.

ఇందుకు ప్రత్యేకంగా తయారైన యంత్రాలలో వాడే ఉల్పా వడపోతలు 0.12 మైక్రాను కణాలను 99.999 శాతం పట్టుకొంటాయి. హెపా వడపోతలు 0.3 మైక్రాను కణాలను 99.97 శాతం పట్టుకొంటాయి. కోవిడ్ వైరస్ సుమారు 0.1 మైక్రాను. హెపటైటిస్ బి వైరస్ అందులో సగానికి కూడా తక్కువ. "అంత చిన్నది జల్లెడలో నుంచి జారిపోదా?" అని తెలివైన పాఠకులు అడుగుతారు. వడపోత జల్లెడ వంటిది కాదు. అది చిక్కుపడిన దారపు పోగుల దట్టమైన పొర. పెద్ద కణాలు మలుపు తిరగలేక పోగులకు గుద్దుకొంటాయి. అతి చిన్న కణాలు గాలిలోని అణువుల తాకిడికి అటూ ఇటూ తూలుతూ ఏదో ఒక పోగుకు తగిలి అంటుకొంటాయి. నిజానికి పట్టుకోవడానికి కష్టమైనవి మధ్య పరిమాణంలోనివే. అందుకే పరీక్షకు ఆ పరిమాణాన్ని ఎంచుకొన్నారు. పైగా వైరస్‌లు గాలిలో ఒంటరిగా కాక, తుంపరలోనో కణాల తునకలోనో ఇమిడి ప్రయాణిస్తాయి.

ఆ యంత్రం కొనలేని చోట, మత్తు డాక్టర్లు శ్వాస గొట్టానికి తగిలించే చిన్న వైరల్ ఫిల్టరును ట్రోకార్ గొట్టానికి తగిలించి, ఆ గొట్టం రెండో కొనను సోడియం హైపోక్లోరైట్ ద్రావణం ఉన్న సీసాలో ముంచి, సక్షన్‌కు కలిపే పద్ధతిని కోవిడ్ కాలంలో మన వైద్యులు వాడారు. ఆ ఫిల్టరు ఖరీదు కొన్ని వందల రూపాయలకు మించదు. ఇష్టం ఉంటే రెవెన్యూ డివిజన్ స్థాయి ఆసుపత్రిలో కూడా ఇది సాధ్యమే. గదిలోనివారు ఎన్95 మాస్కు ధరించాలి. మామూలు సర్జికల్ మాస్కు మన నోటి తుంపరలు రోగి గాయంలో పడకుండా ఆపడానికి పుట్టింది. బుగ్గల పక్క సందుల నుంచి పొగ లోపలికి రావడాన్ని అది ఆపలేదు.

పొగను పట్టినా గది గాలి సంగతి మిగిలే ఉంటుంది. ఆపరేషన్ థియేటర్లలో పీడనం వెలుపలి వరండా కంటే కొంచెం ఎక్కువగా ఉండేలా గాలిని పంపుతారు. తలుపు తెరిస్తే బయటి ధూళి లోపలికి రాకుండా, లోపలి గాలే బయటికి తోసుకు వస్తుంది. గాయానికి అది రక్ష. రోగికి గాలి ద్వారా సోకే వ్యాధి ఉన్నప్పుడు మాత్రం అదే ఏర్పాటు వైరస్‌ను వరండాలోకి నెడుతుంది. ఒకే తలుపు రోగికి మేలు, సిబ్బందికి కీడు చేస్తుందన్న మాట. దీనికి విరుగుడు తలుపును పదే పదే తెరవకపోవడం, శ్వాసనాళంలో గొట్టం వేసే సమయంలో అవసరమైనవారే గదిలో ఉండడం, తరువాతి రోగిని తెచ్చే ముందు తగినంత సమయం ఇవ్వడం.

ఆ సమయం ఎంత? గంటకు 20 సార్లు గాలి మారే గదిలో, గాలిలోని కణాలు 99 శాతం తొలగిపోవడానికి సుమారు 14 నిమిషాలు పడుతుంది. 6 సార్లు మారే గదిలో 46 నిమిషాలు. 2 సార్లు మాత్రమే మారే గదిలో 138 నిమిషాలు! మన చిన్న పట్టణాలలోని నర్సింగ్ హోములలో చాలాచోట్ల థియేటర్ అంటే ఒక గది, దానికొక స్ప్లిట్ ఏ.సి. ఆ ఏ.సి. గది గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది గాని బయటి నుంచి కొత్త గాలిని తేదు. గది చల్లగా ఉన్నదంటే శుభ్రంగా ఉన్నదని అర్థం కాదు. ఒక రోగిని తీసి పది నిమిషాలలో మరొకరిని పడుకోబెట్టడం చురుకుదనం అనిపించుకోవచ్చు, కాని గాలికి ఆ తొందర తెలియదు.

ఇక పరికరాలు. ఇక్కడ ప్రమాదం సిబ్బంది నుంచి రోగి వైపుకు మళ్ళుతుంది. లాపరోస్కోపీ పరికరాలు సన్నగా, పొడవుగా, కీళ్ళతో ఉంటాయి. వాటి సందులలో రక్తపు చారలు దాక్కొంటాయి. ముందుగా విడదీసి, బ్రష్షుతో తోమి కడగని పరికరాన్ని ఎంత ఘాటైన మందులో ముంచినా ఎండిన రక్తపు పొర కింద ఉన్న వైరస్‌ను మందు తాకదు. ఆవిరి వేడికి తట్టుకొనే పరికరాలకు ఆటోక్లేవ్ ఉత్తమం. కెమెరా వంటి వేడికి ఓర్వని వాటికి ఎథిలీన్ ఆక్సైడ్, ప్లాస్మా పద్ధతులున్నాయి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో ముంచడం. దానిలో 20 నిమిషాలు ఉంచితే హెపటైటిస్, హెచ్.ఐ.వి. వంటి కొవ్వుపొర కలిగిన వైరస్‌లు నశిస్తాయి. సిద్ధబీజాలతో సహా సర్వం నశించాలంటే 10 గంటలు కావాలి. పాపిలోమా వైరస్‌కు ఆ కొవ్వుపొర లేదు. అది గ్లూటరాల్డిహైడ్‌కు తేలికగా లొంగదని 2014లో వెలువడిన పరిశోధన చూపింది.

ఈ 20 నిమిషాల సంగతి ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మన రాష్ట్రాలలో లక్షలాది స్త్రీలు చేయించుకొన్న కీహోల్ శస్త్రచికిత్స పిత్తాశయానిది కాదు, డి.పి.ఎల్. కుటుంబ నియంత్రణ ఆపరేషను. క్యాంపులలో బారులు తీరి కూర్చున్న ఆ తల్లులను నా తరం ప్రభుత్వ వైద్యులందరం చూశాము. ఒక్కొక్కరికి పట్టేది ఐదు నిమిషాలు. పరికరం కడగడానికి ఐదు నిమిషాలు, ముంచడానికి 20, శుభ్రమైన నీటితో తొలచడానికి రెండు మూడు. అంటే ఒక లాపరోస్కోప్‌తో గంటకు ఇద్దరికి మించి చేయడం అసాధ్యం. కేంద్ర ప్రభుత్వ నిబంధనలు మూడు లాపరోస్కోపులున్న బృందానికి రోజుకు 30 మంది అన్న పరిమితి పెట్టడం నా దృష్టిలో ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ వద్ద ఒకే వైద్యుడు కొన్ని గంటలలో 83 మంది స్త్రీలకు చేశాడు. పదిమందికి పైగా చనిపోయారు. తప్పు మాత్రలదా, రక్తంలో చేరిన సంక్రమణదా అని వాదనలు జరిగాయి. మాత్రల సంగతి ఎలా ఉన్నా, 83 మందికి ఆ గంటలలో పరికరాన్ని శుద్ధి చేయడం కుదరదని చెప్పడానికి కూడికలు వస్తే చాలు. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్ళలో ఇటువంటి క్యాంపులను నిలిపివేయాలని ఆదేశించింది. అయినా 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి డి.పి.ఎల్. చేయగా నలుగురు తల్లులు మరణించారు. అక్కడ చంపినది వైరస్ కాదు. కాని బ్యాక్టీరియా దూరిన దారి వైరస్‌కు మూసి ఉంటుందని ఎవరు చెప్పగలరు? బ్యాక్టీరియా నాలుగు రోజులలో బయటపడుతుంది. హెపటైటిస్ బి, సి పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో బయటపడతాయి. అప్పటికి ఆ క్యాంపును ఎవరూ గుర్తు చేసుకోరు.

అన్నిటికంటె పాత ప్రమాదం, ఇప్పటికీ పెద్ద ప్రమాదం, గుచ్చుకోవడం. వ్యాధి ఉన్నవారి రక్తంతో తడిసిన సూది గుచ్చుకొంటే, టీకా లేనివారికి హెపటైటిస్ బి సోకే అవకాశం నూటికి 6 నుంచి 30 వరకు. హెపటైటిస్ సి సుమారు 1.8 శాతం, హెచ్.ఐ.వి. 0.3 శాతం. ప్రజలు భయపడే వరుస దీనికి సరిగ్గా తలకిందులు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో పరికరాలు కడిగే థియేటర్ బాయ్‌కి 1990ల తొలినాళ్ళలో ట్రోకార్ మొన అరచేతిలో దిగింది. చిన్న గాయమని తుడుచుకొని మళ్ళీ పనిలో పడ్డాడు. మూడు నెలలకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు మందు తిన్నాడు, తగ్గిందన్నాడు. పన్నెండేళ్ళ తరువాత పొట్ట నిండా నీరుతో మా వార్డులోనే చేరాడు. అతను కడిగిన పరికరాలతో బాగుపడి వెళ్ళిన వారెందరో ఆ వార్డులోనే పడుకొని ఉండేవారు. అతనికి అప్పుడు నలభై మూడేళ్ళు. మళ్ళీ ఇంటికి వెళ్ళలేదు.

అప్పటికి హెపటైటిస్ బి టీకా లేకపోలేదు. విదేశాల నుంచి వచ్చేది, ఒక్కొక్క మోతాదు వందల రూపాయలు. నాలుగో తరగతి ఉద్యోగి జీతంలో దానికి చోటెక్కడిది? 1997లో హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా ఆ టీకాను తయారు చేయడంతో ధర నేలకు దిగివచ్చింది. మన నగరంలో జరిగిన ఆ మేలు గురించి మనం చెప్పుకోవలసినంత చెప్పుకోము. ఇప్పుడు మూడు మోతాదులు (మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు) ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి. అయినా డాక్టర్లు, నర్సులు వేసుకొంటారు. పరికరాలు కడిగేవారు, గది తుడిచేవారు, చెత్త మోసేవారు కాంట్రాక్టు మనుషులు గనుక చాలాచోట్ల వారిని ఎవరూ పట్టించుకోరు. గుచ్చుకొనే ప్రమాదం వారికీ ఉంది.

శస్త్రచికిత్సకు ముందు హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. పరీక్షలు రాస్తే నొచ్చుకోకండి. అది మీ శీలానికి పెట్టే పరీక్ష కాదు. వ్యాధి ఉందని ముందే తెలిసి ఉంటే దాచకండి. కాని ఇంకొక మాట కూడా అంతే గట్టిగా చెప్పాలి: పరీక్షలో దోషం కనిపించినంత మాత్రాన మీకు శస్త్రచికిత్స నిరాకరించే హక్కు ఆసుపత్రికి లేదు. హెచ్.ఐ.వి. పరీక్షకు మీ సమ్మతి తప్పనిసరి అనీ, వ్యాధి కారణంగా వైద్యం నిరాకరించరాదనీ 2017 నాటి చట్టం చెబుతున్నది. సిబ్బందికి రక్షణ సామగ్రి సమకూర్చవలసిన బాధ్యతనూ ఆ చట్టమే పెట్టింది. నా వృత్తిలోని కొందరు "పాజిటివ్" అన్న కాగితం చూసి రోగిని మరొక ఊరికి పంపించి వేస్తారు. పరీక్షలో కనిపించని తొలినాళ్ళ వ్యాధి ఉన్నవారు రోజూ వారి బల్ల మీదికి వస్తూనే ఉంటారు. అందువలన ప్రతి రోగి రక్తాన్నీ వ్యాధి ఉన్న రక్తంగానే భావించి పనిచేయాలన్నది 1980ల నుంచీ ఉన్న నియమం. దానిని పాటించేవారికి ఆ కాగితం చూసి వణకవలసిన పని లేదు.

కోవిడ్ గూర్చి కూడా రోగిగా మీరు తెలుసుకోవలసినది ఒకటుంది. 2020 మేలో ప్రచురితమైన అధ్యయనంలో, 24 దేశాలలో శస్త్రచికిత్స సమయంలో కోవిడ్ ఉన్న 1,128 మందిని చూస్తే, నెల రోజులలో 23.8 శాతం మరణించారు. సగం మందికి ఊపిరితిత్తుల సమస్యలు వచ్చాయి. ఆ తరువాతి అధ్యయనాల ఆధారంగా అత్యవసరం కాని శస్త్రచికిత్సలను ఏడు వారాలు వాయిదా వేయమన్నారు. టీకాలు వచ్చాక ఆ గడువు సడలింది. అయినా జ్వరం, దగ్గు ఉండి, వరుసలో నా వంతు పోతుందేమో అని పారాసెటమాల్ వేసుకొని దాచిపెట్టి ఆపరేషను బల్ల ఎక్కడం మీకే ప్రమాదం. పిత్తాశయపు రాళ్ళు చాలామందిలో కొన్ని వారాలు ఆగుతాయి.

చివరగా, ఈ వ్యాసం చదివేవారిలో ఆసుపత్రులలో పనిచేసేవారు ఉంటే వారికి: సూది గాని ట్రోకార్ గాని గుచ్చుకొంటే గాయాన్ని పిండకండి, నోట్లో పెట్టుకోకండి. సబ్బుతో, పారే నీటితో కడిగి వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి. హెచ్.ఐ.వి. నివారణ మందులు రెండు గంటలలోపు మొదలుపెడితే శ్రేష్ఠం, 72 గంటలు దాటితే వాటి వలన ప్రయోజనం ఉండదు. 28 రోజులు వాడాలి. ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రాలలో ఉచితంగా ఇస్తారు. హెపటైటిస్ బి టీకా లేనివారికి ఇమ్యునోగ్లోబులిన్ 24 గంటలలోపు ఇవ్వడం మంచిది, దానితోపాటే టీకా మొదలుపెట్టాలి. టీకా మూడు మోతాదులూ వేసుకొన్నవారు నెల రెండు నెలల తరువాత రక్తంలో ప్రతిరక్షకాల మట్టం 10 దాటిందో లేదో ఒకసారి చూపించుకొని, ఆ కాగితాన్ని భద్రంగా దాచుకోండి. గుచ్చుకొన్న రోజున డాక్టరు అడిగే మొదటి కాగితం అదే.